టెన్యువా కార్డులు మార్చిన వారం

జింజాలో మెయిన్ స్ట్రీట్ వెనక, చేపల సంతకు మలుపు తిరిగే చోట పాత గుజరాతీ కొట్టు ఒకటుంది. కట్టించినాయన పేరు సున్నపు పువ్వుల మధ్య ఇంకా కనబడుతుంది. దాని కింది గదిలో ఇప్పుడు పందేల దుకాణం నడుస్తోంది. పొద్దున తొమ్మిదికే పనీపాటా లేని మగవాళ్లు చీటీలు పట్టుకుని, ఏ దేశంలోనో ఏ కుక్క ముందు పరుగెత్తిందా అని గోడకేసి చూస్తూ నిలబడతారు. రెండేళ్ల కిందటి దాకా ఆ గది నా మేనల్లుడు టెన్యువాది. అది వాడి చేతిలోంచి ఎలా పోయిందో ఊళ్లో నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. నలుగురూ అబద్ధాలే చెబుతున్నారు. ఉన్నది ఉన్నట్టు నేను రాస్తాను.

టెన్యువా మా తమ్ముడి కొడుకు. కవలల్లో చిన్నవాడు. పెద్దవాడు వాయిస్వా. కవలల్ని కన్నందుకు వాళ్లమ్మను ఊరంతా నబిర్యే అని గౌరవంగా పిలిచేవారు. ఆ గౌరవం తొమ్మిదేళ్లు అనుభవించి పోయింది పాపం. తమ్ముడు అంతకు ముందే పోయాడు. గుడ్డల మిల్లులో మగ్గాల దగ్గర నిలబడి నేను తెచ్చిన జీతంతో ఇద్దర్నీ పెంచాను. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగే వాళ్లకు అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

కవలలంటే మా సోగా వాళ్లకు మహా భయం. ఒకడికి చొక్కా కొంటే రెండోవాడికీ అదే గుడ్డ కొనాలి. ఒకడికి చెప్పుదెబ్బ తగిలితే రెండోవాడికీ ఒకటి తగలాలి. మా ఇంట్లో దీనికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. పళ్లెం ముందు పెద్దవాడికి పెట్టాలి, ఏ మాటైనా ముందు పెద్దవాడి చెవిన వెయ్యాలి. వాళ్లిద్దరి మధ్య బరువైన మాట ఏదైనా పుడితే దాన్ని మొయ్యాల్సింది మేనత్త. అంటే నేను.

వాయిస్వా కంపాలాలో కంప్యూటర్ సామాన్ల కొట్టు పెట్టాడు. టెన్యువా ఇక్కడే ఉండి ఆటల గది తెరిచాడు. పది కంప్యూటర్లు. బడి పిల్లలు, బోడాబోడా అనే కిరాయి బైకులు నడిపే కుర్రాళ్లు వచ్చి గంట లెక్కన ఆడుకుని పోయేవారు. ఊళ్లో మిగతా అందరూ కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ వేసుకుంటారు. వీడు వేసుకోడు. "కొనే తాహతు లేదు, దొంగిలించే బుద్ధి లేదు" అని, ఉచితంగా దొరికే లైనక్స్ పెట్టుకున్నాడు. దాని గుర్తు పెంగ్విన్ పిట్ట. మావాళ్లు పెంగ్విన్‌ను ఎన్నడు చూశారు గనక?

"ఏరా టెన్యువా, నీ బాతు ఇవాళైనా గుడ్డు పెట్టిందా?" అని దారినపోయే ప్రతివాడూ అడిగేవాడు.

"పెట్టింది. నీకు పొదగడం వస్తే లోపలికి రా" అనేవాడు వీడు.

మొదట్లో నవ్వారు. ఆ బాతు మీద ఆటలు నడవవన్నారు. వీడు నెలల తరబడి కూర్చుని ఒక్కొక్క ఆటనూ బుజ్జగించి నడిపించాడు. బంతాట, కార్ల పందెం, తుపాకుల ఆట, అన్నీ. ఆ తర్వాత నవ్వినవాళ్లే వరసలో నిలబడ్డారు.

ఆటలో బొమ్మలు కదలాలంటే కంప్యూటర్ పొట్టలో వాటిని గీసే కార్డు ఒకటుండాలి. అది చేసేవి రెండు కంపెనీలు. ఒకటి పచ్చ పెట్టెలో వస్తుంది, రెండోది ఎర్ర పెట్టెలో. వాయిస్వా అమ్మేది పచ్చ పెట్టెలే. తమ్ముడి గదికి పది కార్డులూ వాడే తెచ్చాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, మూడు రోజులు ఇక్కడే ఉండి, తన చేత్తో బిగించి, తన చేత్తో అన్నీ సర్దిపెట్టి వెళ్లాడు. అది గది పోవడానికి ఏడేళ్ల ముందటి మాట. అప్పట్లో టెన్యువాకు స్క్రూ బిగించడం తప్ప ఇంకేమీ రాదు. ఆ మూడు రోజులూ ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు.

పచ్చ కార్డును నడిపే డ్రైవర్ లైనక్స్‌తో పాటు రాదట. బయటినుంచి తెచ్చి అతికించాలట. లైనక్స్ కొత్తది వేసుకున్నప్పుడల్లా వీడి గదిలో ఆ అతుకు ఊడేది. తప్పు అతికించినవాడిదా, ఊడదీసినవాడిదా అని నన్నడగొద్దు. పొద్దున తలుపు తీసేసరికి పది తెరలూ నల్లగా ఉండేవి, పిల్లలు గుమ్మంలో నిలబడేవారు, వీడు మధ్యాహ్నం దాకా చెమటలు కక్కేవాడు. ఎర్ర కార్డుల డ్రైవర్ లైనక్స్‌లోనే కలిసి వస్తుంది, అతుకే ఉండదు అని వీడు ఎక్కడో చదివాడు. అప్పటినుంచీ మార్చాలన్న పురుగు బుర్రలో తొలుస్తూనే ఉంది. అన్న మొహం గుర్తొచ్చి ఆగేవాడు.

రెండేళ్ల కిందట గది కౌలు గడువు ముగిసింది. కొట్టు చేపలమ్మే వాళ్ల సంఘానిది. కార్యదర్శి బలికోవా. నీళ్లు తాగినా నలుగురూ చూస్తున్నారో లేదో చూసుకుని తాగే రకం. పందేల దుకాణం వాళ్లు ఎక్కువ ఇస్తామని అతని చుట్టూ తిరుగుతున్నారు. మిల్లు వదిలాక నేనూ సంతలో చేపలమ్ముతున్నాను గనక, సంఘంలో సభ్యురాలిగా లేచి, "పిల్లలు ఆడుకునే చోటు తీసేసి తండ్రులు జూదమాడే చోటు పెడతారా? సిగ్గుండాలి" అని కడిగేశాను. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. బలికోవా దగ్గి, ఒక దారి చూపించాడు.

"సరే పెద్దమ్మా. శనివారం ఎనిమిది బళ్ల పిల్లల ఆటల పోటీ మీవాడి గదిలోనే పెడదాం. కమిటీ వాళ్లం వచ్చి కూర్చుంటాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గది ఆగకుండా నడిస్తే మూడేళ్లు మీవాడికే. నడవకపోతే మళ్లీ నోరెత్తకూడదు."

"నడవకపోతే నేనే తాళం తెచ్చి నీ చేతిలో పెడతా" అన్నాను. నా నోరు అంతే.

ఆ సోమవారం టెన్యువా నా దగ్గరికొచ్చాడు. నేను అరుగు మీద చిలగడదుంపలు చెక్కు తీస్తున్నాను. వాడు కూర్చుని తనూ ఒక దుంప తీసుకున్నాడు. చెక్కు తీయడం రాదు, సగం దుంప చెక్కుతోనే పోయింది.

"అత్తా, పోటీ రోజున తెర నల్లబడితే నా పని అయిపోతుంది. ఎర్ర కార్డులు దొరికాయి. మార్చేద్దామనుకుంటున్నా."

"మార్చు. నన్నడుగుతావేం?"

"అన్నకి ముందు చెప్పాలి కదా. నువ్వు చెప్పు. వాడు సరేనన్నాకే స్క్రూ విప్పుతాను."

"ఇనప ముక్క మార్చడానికి ఇంత తతంగమా? నేను చెప్తాలే. నువ్వు పని కానీ."

"ఇవాళే చెప్తావా?"

"చెప్తానన్నానా లేదా? దుంప అక్కడ పెట్టి పో, పాడు చేస్తున్నావు."

ఫోను చేస్తే అయ్యేది. చెయ్యలేదు. గురువారం ఇగాంగాలో మా వంశంలో ఒకాయన కర్మకాండ ఉంది, వాయిస్వా ఎలాగూ వస్తాడు, మొహం చూసి చెప్తే బాగుంటుందిలే అనుకున్నాను. నిజం రాస్తానన్నాను గనక రాస్తున్నా, నాకు అది అంత పెద్ద మాటలా తోచలేదు.

టెన్యువా నా మాట నమ్మి, అన్న సరేననే ఉంటాడనుకున్నాడు. బుధవారం ఒక కంప్యూటర్‌లో ఎర్ర కార్డు బిగించి చూశాడు. దాని డిస్కు నెల కిందటే పోతే కొత్తది వేసి, లైనక్స్ మళ్లీ మొదట్నుంచి పెట్టుకున్నాడు. అందులో ఎర్ర కార్డు ఏటి నీళ్లలా పారింది. వాడు నన్ను సంతలోంచి లాక్కొచ్చి మరీ చూపించాడు. కార్ల పందెంలో దుమ్ము కూడా నిజం దుమ్ములా లేస్తోంది. ఆ సాయంత్రమే మిగతా తొమ్మిదింటి పచ్చ కార్డులూ విప్పి గోనెసంచిలో వేసి నా ఇంట్లో పెట్టాడు. గురువారం వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు లేకుండానే కిటికీ వెలుతురులో తొమ్మిది ఎర్ర కార్డులూ బిగించాడు. బిగించడమే గానీ నడిపి చూసే వీల్లేదు. శుక్రవారం కూడా కరెంటు రాలేదు.

ఆ గురువారం ఇగాంగాలో కుండ చుట్టూ మగవాళ్లు కూర్చుని పొడుగు గొట్టాలతో మల్వా అనే రాగుల కల్లు పీలుస్తున్నారు. వాయిస్వా వాళ్ల మధ్య ఉన్నాడు. ఎవరో వ్యాపారం ఎలా ఉందని అడిగారు.

"దేవుడి దయ. జింజాలో మా తమ్ముడి గది ఉంది చూశారా, నా కార్డుల మీదే నడుస్తోంది. ఏడేళ్లయింది, ఒక్కటి చెడలేదు" అన్నాడు వాడు.

నేను పళ్లెంతో పక్కనే పోతున్నాను. నోట్లోంచి మాట జారిపోయింది.

"ఏ కార్డులురా? అవి నిన్ననే ఊడబెరికి గోనెలో వేశాడు నీ తమ్ముడు. ఇప్పుడు నా చిలగడదుంపల పక్కన పడున్నాయి. ఎలకలు కూడా వాసన చూసి పోతున్నాయి."

కుండ చుట్టూ ఉన్నవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. "కవలలు విడాకులు తీసుకున్నారోయ్!" అన్నాడొకడు. "పచ్చ పెళ్లాన్ని పంపేసి ఎర్రదాన్ని తెచ్చుకున్నాడా?" అన్నాడు ఇంకొకడు. నేనూ నవ్వాను.

వాయిస్వా గొట్టం నోట్లోంచి తీశాడు. కొసను చొక్కాతో తుడిచి పక్కన పెట్టాడు.

"నిన్ననా?" అన్నాడు.

"నిన్న సాయంత్రం. శనివారం పోటీ ఉంది కదా, అందుకని. నువ్వూ రావాలి."

"వస్తానత్తా. రాకుండా ఎలా ఉంటాను?"

మళ్లీ ఆ గొట్టం ముట్టుకోలేదు.

శనివారం తెల్లారాక కరెంటొచ్చింది. ఏడింటికి టెన్యువా కంప్యూటర్లన్నీ వేశాడు. పది తెరలూ వెలిగాయి. ఒక్కటీ నల్లబడలేదు, ఇక గండం గడిచిందనుకుని ఆట పెట్టి చూడనే లేదు. వాడు మోకాళ్ల మీద కూర్చుని నేలకు దండం పెట్టాడు. ఎనిమిదింటికి పిల్లలు యూనిఫారాలతో దిగారు. కమిటీ ముందు వరసలో కూర్చుంది. వాయిస్వా తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ముందు వాడికే అల్లం టీ ఇచ్చాను, ముందు వాడికే దుంపలు, వేరుశనగ పులుసు పెట్టాను. ఆ రోజు నా పద్ధతిలో ఏ లోటూ లేదు.

మొదటి ఆట బంతాట. ఈల వేశారు. తెర మీద ఆటగాడు కాలెత్తాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. మూడు అంకెలు లెక్కపెట్టాక దిగింది. బంతి గాల్లో ఆగి ఆగి, మెట్లు దిగే ముసలిదానిలా కిందికొచ్చింది. పది కంప్యూటర్లలో తొమ్మిది అంతే. కొత్త డిస్కుది ఒక్కటే పరుగెత్తుతోంది.

"సార్, మా వాడికి కీళ్లనొప్పులా?" అన్నాడు ఒక పిల్లాడు. గదంతా గొల్లున నవ్వింది.

"బాతు గుడ్డు పెడుతోందర్రా, మాట్లాడకండి!" అని గుమ్మంలోంచి ఎవరో అరిచారు.

టెన్యువా ఒక కంప్యూటర్ దగ్గర్నుంచి ఇంకోదానికి పరుగెత్తుతున్నాడు. ఆపి వేశాడు. కార్డు ఊడదీసి మళ్లీ బిగించాడు. బొమ్మల సైజు తగ్గించాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరికి అన్న ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నువ్వోసారి చూడవా? కార్డు పని చెయ్యనట్టే ఉంది. తెర మాత్రం వెలుగుతోంది. నాకు అంతుపట్టడం లేదు."

వాయిస్వా దుంప ముక్క పులుసులో ముంచుకున్నాడు.

"ఎర్ర కార్డుల సంగతి నాకేం తెలుసురా? నేను పచ్చవాటి వాణ్ణి. అవి గోనెలో ఉన్నాయట కదా."

టెన్యువా నా వంక చూశాడు. ఆ చూపు చాలు, ఏం జరిగిందో వాడికి అర్థమైపోయిందని నాకు తెలిసింది.  తిరిగి కంప్యూటర్ల దగ్గరికి పోయాడు.

పదకొండింటికి టీచర్లు పిల్లల్ని లేపి తీసుకుపోయారు. బలికోవా లేచి టోపీ పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, తాళం ఎప్పుడు తెచ్చిస్తారు?"

నేను ఎంగిలి గ్లాసులు ఏరడం మొదలుపెట్టాను. 

ఆదివారమంతా టెన్యువా తలుపు వేసుకుని కూర్చున్నాడు. సోమవారం మధ్యాహ్నం నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. గడ్డం పెరిగి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. తెర మీద తెల్ల అక్షరాల వరస ఒకటి చూపించాడు.

"కంప్యూటర్ లేవగానే మొదట చదువుకునే వరస ఇది అత్తా. ఇందులో ఈ ఒక్క మాట చూడు. కార్డును నువ్వు ముట్టుకోకు అని లైనక్స్‌కు చెప్పే మాట."

"ఎవరు రాశారు?"

"పచ్చ కార్డుకు దాని డ్రైవర్ వెనకాల వస్తుంది, అది వచ్చేదాకా లైనక్స్ చెయ్యి పెట్టకూడదు. అందుకని ఏడేళ్ల కిందట రాసిన మాట. ఎర్ర కార్డును నడిపేది లైనక్సే. దానికీ ముట్టుకోకు అంటే ఇంకేం నడుస్తుంది? కార్డు ఊరికే కూర్చుంది. బొమ్మలన్నీ కంప్యూటరే చేత్తో గీసుకుంది."

మిల్లులో కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగు ఒక్కటి మగ్గం పన్నెలో ఉండిపోతే గుడ్డ తానంతా పాడయ్యేది. ఆ పోగు ఎవరు వదిలారో మేస్త్రీ ఊరికే వదిలిపెట్టేవాడు కాదు.

"ఎవరు రాశారని అడిగాను."

వాడు ఆ మాట చెరిపేసి కంప్యూటర్ మళ్లీ వేశాడు. బంతాట పెట్టాడు. ఆటగాడు పరుగెత్తాడు, గడ్డి ఊగింది, జనం కేకలు వేశారు. మిగతా ఎనిమిదీ అంతే. నా టీ చల్లారే లోపల తొమ్మిదీ లేచాయి. ఖాళీ గదిలో పది బంతాటలూ హోరెత్తాయి. చూడటానికి మేమిద్దరమే.

"బలికోవాకు చూపిద్దాం పద" అన్నాను.

"పొద్దున్నే పందేల వాళ్లతో సంతకం పెట్టేశాడు అత్తా."

మర్నాడు కంపాలా వెళ్లాను. వాయిస్వా కొట్లో జనం ఉన్నారు. ఉంటే ఉన్నారు, నేను ఆగలేదు.

"ఆ మాట రాసింది నువ్వేనా?"

"నేనే. రాయకపోతే ఆ రోజుల్లో తెరే వచ్చేది కాదు."

"శనివారం అక్కడ కూర్చున్నప్పుడు నీకు గుర్తుందా?"

"మొదటి ఆటగాడు కాలెత్తగానే గుర్తొచ్చింది."

"మరి చెప్పలేదేం? నా పులుసు తింటూ నోరు మూసుక్కూర్చున్నావేం? వాడు నీ తోడబుట్టినవాడు కాదురా?"

"చెప్పాల్సిన మాట చెప్పాల్సిన వేళకు చెప్పాలని నాకు నేర్పింది ఎవరత్తా? నాకెవరు చెప్పారు? ఎక్కడ చెప్పారు? కుండ దగ్గర, నలుగురు నవ్వుతుండగా. వాడే వచ్చి, అన్నా, నీ కార్డులు నాకు కుదరట్లేదు అంటే నేనే ఎర్రవి తెచ్చి బిగించేవాణ్ణి. ఆ మాటా నేనే చెరిపేవాణ్ణి."

"వాడు చెప్పమన్నాడు. సోమవారమే చెప్పమన్నాడు. చెప్పనిది నేను."

వాడి చేతిలో ఏదో పెట్టె ఉంది. దాన్ని అరలో పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు.

"సోమవారమా?" అన్నాడు.

"సోమవారం."

కొట్లో ఒకాయన ఏదో ధర అడిగాడు. వాయిస్వా అతనికి ధర చెప్పాడు.  ఆ నోట ఆ ఒక్క మాట శనివారం ఎనిమిదిన్నరకు రాలితే గది నిలిచేది. నా నోట ఆ ఒక్క మాట సోమవారం రాలినా నిలిచేది. ఈ రెంటిలో ఏది పెద్ద తప్పో తూచడానికి నేను కూర్చోలేదు. తూచేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు.

తాళం బలికోవాకు నేనే ఇచ్చాను. అన్నాను గనక ఇచ్చాను.

టెన్యువా కంప్యూటర్లు మా ఇంటికి చేరాయి. వాటి మధ్య పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది. ఆరు నెలలు చూశాడు, ఇంకో గది దొరకలేదు. పందేల దుకాణం మేనేజర్ వచ్చి, గోడ నిండా తెరలు పెడుతున్నాం, బొమ్మలు గీసే కార్డులు కావాలి, నీ ఎర్రవి ఇస్తావా, వాటిని చూసుకునే పని కూడా ఇస్తాం అన్నాడు. టెన్యువా రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు నా దగ్గర కూర్చున్నాడు. దుంపలు ముట్టుకోలేదు.

"ఇచ్చేస్తానత్తా. కానీ ముందు అన్నకి చెప్పిరా. వాడు విన్నాకే స్క్రూ విప్పుతాను."

ఇద్దరూ మాట్లాడుకోక అప్పటికి ఆరు నెలలు. అయినా వాడు వరస తప్పలేదు. నేను మొదటి బస్సుకే బయల్దేరాను. దారిలో మబీరా అడవి దగ్గర పుల్లలకు గుచ్చి కాల్చిన కోడిమాంసం అమ్మే వాళ్లు కిటికీకి ఎగబడితే కసురుకున్నాను. ఎవరితోనూ ఇంకో మాట మాట్లాడలేదు. కొట్టు తలుపు తీసేసరికే వాకిట్లో ఉన్నాను. వాయిస్వాను వెనక గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, ఇద్దరమే ఉన్నామని చూసుకుని చెప్పాను.

వాడు అంతా విన్నాడు.

"ఆ తొమ్మిదింటిలో మాట చెరిపేశాడా?"

"చెరిపేశాడు. ఆ సోమవారమే."

"ఎంతసేపు పట్టింది?"

"నా టీ చల్లారే లోపల."

వాడు లేచి స్టవ్ వెలిగించాడు. తనే టీ పెట్టి, తనే గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు. కిటికీ దగ్గరికి పోయి వీధికేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇచ్చెయ్యమను" అన్నాడు.